వసంతన్ ఇంజను అడిగావు

తెలుక్ ఇంటాన్, మలేషియా,
2025 జనవరి 19, ఆదివారం.

చిరంజీవి చెల్లెమ్మ వినోదినికి,

సీతారాం అన్నయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమందరం ఒంట్లో బాగానే ఉన్నాం, వానలే మనిషిని కుదురుగా ఉండనివ్వడం లేదు. అక్కడ నువ్వు మంచులో కాలు జారకుండా, వేళకు తింటూ ఉన్నావని తలుస్తాను.

ఫోనులో పంపిన ఫోటోలకు ఉత్తరంలో జవాబేమిటి, అన్నయ్యకు చాదస్తం ముదిరిందని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో మాట్లాడితే షర్మిల వింటుంది. మా ఆవిడకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. శనివారం శనివారం తెలుగు సంఘం క్లాసులో నీకూ మీ అన్న వసంతన్‌కూ నేనే గుణింతాలు దిద్దించాను కదా, కూడబలుక్కుని చదువుకో.

నీ పని విని చాలా సంతోషించాను. జపాను హొక్కైదోలో స్కీ రిసార్టు షెడ్డులో బండ్లు బాగుచేస్తున్నావంటే మామూలు మాటా? ముందు చక్రం తీసేసి స్కీ పలక, వెనక చక్రం తీసేసి రబ్బరు పట్టా బిగించి మంచు మీద నడిపే బైకును నువ్వే కట్టుకోమని మీ యజమాని అన్నాడట. మీ అమ్మకు ఫోటో చూపించాను. చిన్నతల్లి పిన్ని కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి, ఎప్పటిలాగే మాటకొక మలాయి లా తగిలించి, ఏటి సీతారామూ, సక్రాలు లేకుండా బండేటి లా, నా కూతురికి పిచ్చి గాని పట్టినాదా అంది. అని ఊరుకుందా, పక్కింటావిడను పిలిచి అదే ఫోటో మూడుసార్లు చూపించింది.

ఇంక నీ ప్రశ్నలు. నేను మంచు చూసింది ఐసు పెట్టెలోనే, అయినా ఇంజను ఎక్కడున్నా ఇంజనే. నువ్వు చూసొచ్చిన పాత బండ్ల కొట్లో రెండు ఫ్రేములున్నాయన్నావు. అల్యూమినియంది కొత్తగా మెరుస్తోంది, ఉక్కుది అక్కడక్కడా తుప్పు పట్టి ఉంది. ఉక్కుదే తీసుకో. పట్టా బండిని ముందుకు తోస్తుంటే ఆ బరువంతా వెనక భాగాన్ని ఫ్రేముకు కలిపే స్వింగ్‌ఆర్మ్ బోల్టు దగ్గర పడుతుంది. అల్యూమినియం అక్కడ లోలోపలే చీలి, ఒకరోజు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఉక్కైతే ముందు వంగుతుంది, పెయింటు మీద గీత కనిపిస్తుంది, మీ షెడ్డులోనే వెల్డింగు పెట్టుకోవచ్చు. కొనేముందు హ్యాండిల్ మెడ దగ్గర పెయింటు గీకి చూడు. కొత్త పెయింటు కనిపిస్తే ఎందుకు వేశారని అడుగు. సిగ్గుపడకు, అడిగినదానికి జవాబు చెప్పనివాడి దగ్గర కొనకు.

ఇంజను సంగతికొస్తే, ఆ కొట్లో ఉన్నవాటిలో రెండు వందల యాభై సీసీ, నీళ్లతో చల్లబడేది తీసుకో. నూట ఇరవై అయిదుది తేలికే గాని, మెత్తటి మంచులో పట్టాను తిప్పలేక ఆయాసపడుతుంది. మంచులో బండికి దిగుడు రోడ్డంటూ ఉండదు, ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే లెక్క. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెట్రోలు కూడా ఎక్కువ కావాలి, కార్బురేటరులో ఇంకాస్త పెద్ద జెట్టు వెయ్యి. పెట్రోలు తక్కువైనప్పుడు ఇలాంటి టూ-స్ట్రోకు ఇంజను మోత సన్నగా, తీయగా వస్తుంది. కుర్రాళ్లు అది విని మురిసిపోతారు. నువ్వు మురిసిపోకు.

మూడో ఇంజను గురించి అడిగావు. వసంతన్ బండి ఇంజను నీ దగ్గరే ఉందా అన్నయ్యా, ఓడలో పంపగలవా అని. నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. అన్న పోయిన రోజు తొందరగా రమ్మని ఫోను చేసింది నేనే అన్నయ్యా, వాడి ఇంజనుతో ఒక బండి కట్టి ఒక్కసారైనా నెమ్మదిగా నడపాలని ఉంది అని రాశావు. అది చదివాక మూడు రోజులు షాపులో స్పానరు పట్టుకోలేదు.

పంపను, చెల్లెమ్మా. కోపగించుకోకు. అది గాలితో చల్లబడే నూట ముప్పై అయిదు సీసీ ఇంజను, మన ఎండలకు చేసింది. ఆ మంచుగాలికి అది వేడెక్కదు, పట్టా బరువు మోయలేదు. పైగా ప్రమాదం తర్వాత పోలీసు స్టేషను ఆవరణలో నెలల తరబడి వానలో నానింది. లోపల తుప్పు పట్టి పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. విప్పడం కూడా దండగ.

ఇన్ని కారణాలు చెబుతున్నానంటే నీకు అనుమానం వచ్చి ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట, అలా ఉంది నా రాత.

నీకొక సంగతి చెప్పాలి. షర్మిలకు కూడా చెప్పలేదు. ఇప్పుడు మన ఊళ్లో టూ-స్ట్రోకు బండ్లు ఎన్నున్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా మధ్యాహ్నం మూడున్నర దాటాక, వాన పట్టే ముందు, హుతాన్ మెలింతాంగ్ వైపు నుంచి ఒకటి వస్తూంటుంది. వాడి బండేనని దూరం నుంచే పోల్చుకుంటాను. మిల్లు దాటుతుంది, వంతెన ఎక్కుతుంది, మూడో గేరులోకి మారుతుంది. ఇదిగో వచ్చేసింది అనుకునేసరికి మోత కత్తితో కోసినట్టు తెగిపోతుంది. గుమ్మంలోకి వెళ్లి చూస్తే రోడ్డు మీద ఎవరూ ఉండరు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది షాపు దాకా రాలేదు.

మొదట్లో నా చెవుల జబ్బనుకున్నాను, డాక్టరు దగ్గరికి వెళ్లాను. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. పోయిన నెల స్కూటరు టైరు మార్పించుకోవడానికొచ్చిన ఒకాయన ముక్కు ఎగబీల్చి, అన్నా, ఇక్కడ టూటీ నూనె ఎవరు కాలుస్తున్నారు అని అడిగాడు. షాపులో ఒక్క టూ-స్ట్రోకు బండీ లేదు. టూ-స్ట్రోకు ఇంజనులో పోసే ఆ నూనె వాసన నాకూ వస్తూనే ఉంది. వెనక వీధిలో ఎవరో అన్నాను, గబగబా టైరు బిగించి ఆయన్ని పంపేశాను. నాకు భయం, వినోదినీ. యాభై ఏళ్లు నిండినవాణ్ణి, పగటి పూట నా షాపులో నాకు భయం.

ఆ ఇంజను షాపు వెనక గోడ అలమరలో గోనెసంచి కప్పుకుని ఉంటుంది. మీ అమ్మ ఏం చేస్తుందో నీకు తెలియదు, నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు కూడా నీకు చెప్పలేదు. ఏటా దీపావళి ముందు రోజు పెద్దలకు పెట్టుకుంటాం కదా, ఇంట్లో మీ నాన్న ఫోటో ముందు పెట్టి, వసంతన్ వాటా మాత్రం పట్టుకుని నా షాపుకొస్తుంది. మా వాడు ఇక్కడే ఉంటాడు అంటుంది. సంచి తీసి ఇంజనుకు బొట్టు పెట్టి, ఆకు వేసి, మురుకులు, కోడికూర, వాడు తాగే గులాబీ సిరప్ పాలు పెడుతుంది. పక్కనే ఒక కొత్త టూటీ నూనె సీసా పెడుతుంది. బండి తీసే ముందల టూటీ ఉన్నాదా లేదా అని ఆడు సూసుకోకుండా ఎల్లేవోడు కాదు సీతారామూ, ఆడికి కావాల్సింది మనం పెట్టాల కదా అంటుంది. తొమ్మిది దీపావళులకు తొమ్మిది సీసాలు అలమరలో వరసగా ఉన్నాయి. వాటి మూతలు నేను ఎప్పుడూ తీయలేదు, అమ్మలేదు, ఎవరినీ తాకనివ్వలేదు.

పోయిన దీపావళికి దణ్ణం పెట్టుకున్నాక ఆమె గడప మీద కూర్చుంది. ఆడికి తొందరెక్కువ, ఆ తొందరే ఆడిని తినేసినాది, ఊరంతా రేసులు తోలే కుర్రోడని అనీసినారు, నేను కాదనలేకపోయినాను అంది. ఆ రోజు ఫోను సేసినానని నా కూతురు ఇక్కడికి రాడానికి భయపడతాది, రమ్మని నువ్వన్నా సెప్పు లా అంది. ఆమె నిన్ను తప్పుపట్టడం లేదు. ఒక్కసారి రా. ఏడేళ్లయింది నువ్వు వెళ్లి.

ఆ రోజు ఆమెను ఇంటి దగ్గర దించి వచ్చి షాపు మూసేసి కూర్చున్నాను.

సరే, బండి సంగతికి వస్తాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరున రాస్తున్నాను, రెండుసార్లు చదువు. టూ-స్ట్రోకులో పిస్టనుకు నూనె పెట్రోలుతో కలిసే అందాలి, వేరే దారి లేదు. కొన్ని బండ్లకు చిన్న నూనె ట్యాంకు, దాన్నుంచి లాగే పంపు ఉంటాయి. ఆ చలికి సన్నగొట్టంలో నూనె చిక్కబడి పారదు, కాబట్టి నీ బండికి పంపు వద్దు. ముప్పై రెండు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె నీ చేత్తో కలిపి పొయ్యి. బండి మీద చిన్న నూనె ట్యాంకు ఉంటే ఊడబీకి పారేయి, ఖాళీగా కూడా ఉంచకు. పెట్రోలు ట్యాంకు మీద పెద్ద అక్షరాలతో, జపాను భాషలో, ఇంగ్లీషులో, నూనె కలిపినదే పొయ్యాలని రాయించు. నువ్వు లేనప్పుడు ఎవరో ఒకరు మంచికే పోయి వట్టి పెట్రోలు పోస్తారు. నూనె లేని పిస్టను ఉబ్బి సిలిండరును కరుచుకుంటుంది, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. పోసేవాడికి తెలియదు. తెలిసినవాడు చెప్పాలి.

ఉంటాను. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే అన్నయ్య,
సీతారాం

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. పైన నీకొక అబద్ధం రాశాను. ఆ ఇంజనులో తుప్పు లేదు.

వసంతన్ బండి నూనె పంపు అరిగిపోయి నా దగ్గరికి వచ్చింది. కొత్త పంపు దొరకలేదు. నేను పాతదాన్ని తీసేసి, నూనె దారి మూసేసి, నూనె కలిపిన పెట్రోలు ఒక లీటరు పోసి, సాయంత్రం బండిని మీ ఇంటి ముందు పెట్టి తాళం మీ అమ్మ చేతికిచ్చాను. వాడు అప్పుడు మిల్లులో పనిలో ఉన్నాడు. పంపు తీసేసిన సంగతి మర్నాడు పొద్దున్నే ఫోను చేసి చెబుదామనుకున్నాను. పొద్దున్నే ఒక లారీ పని తగిలింది, మర్చిపోయాను. వాడు పనికి వెళ్తూ నూనె ట్యాంకు చూసుకునే ఉంటాడు. అది నిండుగా ఉంది, దాన్ని నేను ఖాళీ చేయలేదు. దారిలో బంకు దగ్గర ఆగి వట్టి పెట్రోలు నింపుకున్నాడు. మధ్యాహ్నం నిన్ను తీసుకురావడానికి వస్తూండగా వంతెన దిగుతుంటే పిస్టను బిగుసుకుపోయింది. వెనక లారీ ఉంది.

బండి నా షాపుకు వచ్చిన రోజే సిలిండరు విప్పాను. గోడలు నిలువుగా గీసుకుపోయి, ఎండిపోయి ఉన్నాయి, నూనె చుక్క లేదు. మళ్లీ బిగించి సంచి కప్పాను. రేసు తోలాడని ఊరంటే ఊరుకున్నాను. నువ్వు జపాను వెళ్లే రోజు నావల్లే అన్నయ్యా అని బస్ స్టేషనులో నా భుజం మీద పడి ఏడుస్తుంటే నీ వీపు నిమిరాను గాని నోరు విప్పలేదు. జైలుకు భయపడ్డాను, షాపు పోతుందని భయపడ్డాను, మీ అమ్మ మొహానికి ఇంకా ఎక్కువ భయపడ్డాను.

విరిగిన స్పీడోమీటరు ముల్లు యాభై దగ్గర ఆగి ఉంది. వాడు తొందరపడలేదు, వినోదినీ. నీ ఫోను అందుకుని కూడా నెమ్మదిగానే వచ్చాడు. నువ్వు పిలవకపోయినా ఆ బండి ఎక్కినవాడు ఆ రోజు ఎక్కడో ఒకచోట పడేవాడే.

ఇంజను రేపు పార్సిలు చేస్తాను. నా మాట నమ్మకు, నీ చేత్తో విప్పి చూడు. అక్కణ్ణుంచి నేరుగా చిన్నతల్లి పిన్ని ఇంటికి వెళ్తాను, ఆమె నోటికి వచ్చింది అననీ, పోలీసుల్ని పిలవనీ. తొమ్మిదేళ్లుగా నువ్వు మోస్తున్న తప్పు నాది. నాది నాకు ఇచ్చెయ్, చెల్లెమ్మా.