శేటు అడిగిన పురుగుల మందు

1996 ఆగస్టు, మంగళవారం

పుణె నుంచి సెలవుకు వచ్చానో లేదో, నాన్న పనిచేసే మరమగ్గాల కార్ఖానా శేటు పేడా మిఠాయిల డబ్బాతో నీలం నగర్‌లోని మా ఇంటికి దిగాడు. ఇన్నేళ్లలో మా గడప తొక్కని మనిషి! పుణెలో నేను పనిచేసే ల్యాబ్‌లో ఒక పాత మందును కొద్దిగా మార్చి పెడితే సన్నటి పురుగులు ఎక్కువ కాలం బతికాయని నాన్న కార్ఖానాలో గొప్పగా చెప్పుకున్నాడట.

"నాకు గూడ జరంత తెచ్చియ్యి బిడ్డా," అన్నాడు శేటు.

"అది పురుగులకే శేట్. మనుషులకు పనిజేస్తదో, విషమైతదో ఎవరికీ తెల్వదు."

"పురుగుకు పనిజేసింది నాకు చెయ్యదా?"

ఆ ఒక్క మాట మాత్రం, ఈ మనిషి విషయంలో, సబబుగానే అనిపించింది. లోపలి గదిలో నాన్న దగ్గుతున్నాడు. పత్తి దుమ్ము బయటికి పోవడానికి కార్ఖానాలో ఒక్క కిటికీ పెట్టించని ఈ పెద్దమనిషికి నూరేళ్లు చాలవట!

"ముందు కార్ఖానల కిటికీలు పెట్టియ్యుండ్రి. మా నాయిన గూడ నాలుగు దినాలు ఎక్కువ బతుకుతడు," అనేశాను.

శేటు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. రేపు నాన్నను పనిలోకి రావద్దంటే ఎలా అన్న భయం అప్పుడు పట్టుకుంది నాకు. నాన్న బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"ఆ మందు నాకైతె తేకు బిడ్డా," అన్నాడు. "ఇంకెన్నేండ్లు నిలబడాలె ఆ సాంచెల కాడ?"

ఆయన నవ్వుతున్నాడో లేదో తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.