చెయ్యి వణికిన కాగితాలు

ఆగస్టు 4, సోమవారం

మళ్లీ వణికింది. కుడిచెయ్యి. మేడ్చల్‌లో ఆటో ఎక్కినప్పుడు బాగానే ఉంది. శామీర్‌పేట షెడ్డులో తొట్టి ముందు నిలబడి కాగితం రెండు మూలలు పట్టుకోగానే మొదలు… మెంతుల జిగురు నీళ్లు కదలకుండా ఉన్నాయి. వాటి మీద నీలం, ఎర్ర రంగులు తేలుతున్నాయి, దువ్వెనతో దువ్వి పూలు చేసి పెట్టారు. ఆ పూలు అంటుకునేలా కాగితం వాటి మీద ఒక్క ఊపున పరచాలి. నాది ఆగి ఆగి దిగింది. ఎత్తి చూస్తే పూల మీద అడ్డంగా చారలు, అలల్లాగా. పాడైంది. ఎండిన కాగితాల అడుగున తోసేశాను.

సత్తెమ్మ చూసింది. పక్క తొట్టే కదా. ఏందవ్వా, చెయ్యి గట్ల వణుకుతాంది, అంది. సలి, అన్నాను. ఇంత ఉక్కలో చలి ఏమిటి, నా మొహం.

ఆగస్టు 6

ఇంకొన్ని పాడయ్యాయి. అన్నీ అడుగునే. తెలిస్తే పరిచే పని నుంచి తీసి మెంతులు నానబెట్టే పనికి పంపుతారు. తర్వాత ఊడ్చే పనికి. తర్వాత… ఇంట్లో కూర్చోమంటారు.

ఆగస్టు 7

పప్పు కొంగు మీద పడింది. నా బిడ్డ అనసూయ చూసింది. జీడిమెట్లలో మందుల కంపెనీలో డబ్బాలు సర్దుతుంది, దగ్గితే కూడా డాక్టరంటుంది. దవాఖానకు పోదాం అంది. వద్దన్నాను. పోతే రోగానికి పేరు పెడతారు. పేరు పెట్టాక అది పోదు.

ఆగస్టు 9, శనివారం

సుగుణగారు కొంపల్లి నుంచి వచ్చారు. షెడ్డు ఆమెదే, మాకందరికీ ఈ పని నేర్పిందీ ఆమే. కాగితాలు తిరగేస్తూ అడుగున ఉన్నవి బయటికి లాగారు. ఒకటి వెలుతురుకు పట్టి చూశారు. చుట్టి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయారు.

తిట్టలేదు. తిడితే అయిపోయేది.

ఆగస్టు 10

నిద్ర లేదు. అన్నం సయించలేదు.

ఆగస్టు 13, బుధవారం

కబురు వచ్చింది. సుగుణగారు చూపిస్తే, పట్నంలో నోటుబుక్కులు కుట్టే దుకాణం వాళ్లకు ఆ చారలవే కావాలట, అట్టల మీదికి. దీపావళి దాకా అందరికీ పని. ఎండాకాలం నుంచి సగం తొట్లు బోర్లించే ఉన్నాయి, ఇవాళ అన్నీ కడిగారు.

ఎలా చేశారండీ మామ్మగారూ, అని అడిగారు సుగుణగారు. ఏం చెప్పను… గట్లనే అచ్చిందమ్మా, అన్నాను.

అందరూ చేసి చూశారు. సత్తెమ్మ పూనకం వచ్చినదానిలా ఊగింది. రంగంతా ముద్ద. నా మీదికి ఎల్లమ్మ అచ్చింది గని గీత మాత్రం రాలె, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి కొంగులో దాచి.

నా ఒక్కదాని చేతికే వస్తోంది.

ఆగస్టు 15

కంపెనీకి సెలవు. అనసూయ లాక్కుపోయింది. డాక్టరు నన్ను గీత గియ్యమన్నాడు, గ్లాసు పట్టుకోమన్నాడు. నరాల వణుకట. ఊరుకుంటే ఎక్కువవుతుంది, మాత్ర మాత్రం మానొద్దు, అన్నాడు. తలకూ వస్తుందా అని అడిగాను. రావచ్చు, అన్నాడు. ఎందుకు అడిగాను…

ఆగస్టు 19

మాత్ర పని చేసింది. పప్పు ఒలకలేదు. సూదిలో దారం ఎక్కించాను. ఈ అక్షరాలు కూడా నిలబడ్డాయి, చూస్తుంటే వేరేవాళ్ల రాతలా ఉంది.

షెడ్డులో పరిస్తే సాఫుగా వచ్చింది. ఇంకోటి. అదీ సాఫే. అందరూ చేసేలాంటిదే. ఎవరూ ఏమీ అనలేదు. ఇవాళ ఏమైందండీ, అని సుగుణగారు ఒక్కసారే అడిగారు. కావాలని ఊపి చూశాను. రాలేదు.

ఆగస్టు 21

నిన్న మాత్ర వేసుకోలేదు. ఇవాళా వేసుకోలేదు. అనసూయ ముందు నోట్లో పెట్టుకొని దొడ్లో ఉమ్మేశాను.

వణుకు వచ్చింది. చారలు వచ్చాయి.

సత్తెమ్మ నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుంది. దానికి తెలిసిపోయింది. దాని పెనిమిటి పని చేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇల్లంతా దాని కూలి మీదే నడుస్తోంది. మెల్లగా అడిగింది.

"అవ్వా, మందు బంజేసినవా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"నేనేం అనను. దీపావళి దాంక జర ఆగుతవా?"

అడిగి అదే ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టేసరికి నాకు తల నొప్పి.

ఆగస్టు 26

ఇవాళ గ్లాసు జారింది. కాగితం చిరిగింది, మూల దగ్గర. చారలు మరీ మోటుగా వస్తున్నాయి. ఇంకా ఎక్కువైతే అవీ పనికిరావు. వేసుకుంటే సాఫు, మానితే మోటు… మధ్యలో ఎక్కడ ఆపను?

తల కూడా ఊగుతోందా? అద్దంలో చూశాను. తల ఊగుతోందా, అద్దం ఊగుతోందా తెలియలేదు. చేతిలో పట్టుకున్నా కదా.

ఆగస్టు 28

అనసూయ దొడ్లో మాత్రలు చూసింది. సగం కరిగి, మట్టిలో. అరవలేదు. గడప మీద కూలబడింది.

"నీ చెయ్యి అమ్ముకుంటాండ్రా వాళ్లు?"

వాళ్లకు తెల్వదు బిడ్డా, అన్నాను.

"మరి నీకు తెల్వదా? రేపు నీకు బువ్వ ఎవరు తినిపియ్యాలె? సత్తెమ్మనా?"

సత్తెమ్మ అడిగిన సంగతి దీనికెలా తెలుసు. నేనే చెప్పానేమో. ఏం చెప్పానో, ఏం దాచానో…

ఆగస్టు 29

అనసూయ పని ఎగ్గొట్టి షెడ్డుకొచ్చి సుగుణగారికి అంతా చెప్పేసింది, అందరి ముందే. నేను తొట్టి వైపు తిరిగి నిలబడ్డాను.

సుగుణగారి మొహం పాలిపోయింది. అయ్యో, మాకు తెలీదండీ, ముందు మీరు మందేసుకోండి మామ్మగారూ, అన్నారు. నిజంగానే అన్నారు. కారు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చారు.

"సోమవారం సరుకు వెళ్లాలండీ… మీ ఇష్టం. నేనేమీ అడగను."

సత్తెమ్మ నా వైపు చూడలేదు. నేల తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది.

ఆగస్టు 30, శనివారం

పొద్దున్నే అనసూయ మాత్ర తన చేత్తో నా నోట్లో వేసింది. నీళ్లు తాగించింది. నోరు తెరువు, అంది. తెరిచాను. చూసింది. కంపెనీ బస్సుకు పోయింది.

నాలుక కింద ఉంది. చేదు దిగుతోంది. మింగలేదు, ఉమ్మలేదు.

బయట ఆటో ఆగింది. అవ్వా, అని పిలుస్తోంది సత్తెమ్మ. నోరు తెరిచి పలకాలంటే…