నువ్వు గీసిన పగుళ్ళు

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కోటబొమ్మాళి షావుకారు మావ వాళ్ళింటి పాత లక్ష్మీదేవి పటం బాగుచెయ్యడానికి ఈసారి నన్ను పిలిచారు. దీపం మసి తుడిచి, అమ్మవారి చెంప మీది సన్నటి పగుళ్ళను రంగుతో పూడ్చుకుంటూ వచ్చాను. చివరి పగులు దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని కొస ఎడమకు కొక్కెంలా తిరిగి ఉంది.

నువ్వు వేసిన కొత్త రంగు పాతదాంట్లో కలిసిపోవాలని సూదితో దానిమీదా పగుళ్ళు గీసేవాడివి. ఎడమచేతివాటం కదా, కొస అలాగే తిరిగేది. ఇంతసేపూ నేను కప్పేసింది నీ గీతల్నే.

"ఇంకోటుండిపోనాది, అదీ కప్పెయ్యమ్మా," అన్నాడు మావ.

"అది మా నాన్న గీసినాడు మావా. అదొక్కటే మిగిలినాది. ఉండనీ."