నలభైకి దిగేదాకా

సోమవారం, ఉదయం 9:10
కొత్త డైరీ, కొత్త నియమం. ల్యాబులో వేడి ప్రెస్సు నలభై డిగ్రీలకు దిగేదాకా తెరవను. కొంపలంటుకున్నా సరే!
పని తేలికే. అద్దం మీద కరెంటు పారే ప్లాస్టిక్ పూత, దాని మీద గీతల అచ్చు, వేడి, ఒత్తిడి. చల్లారాక అచ్చు ఎత్తితే, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నపు తీగలు. వేడి మీద ఎత్తితే అన్నీ అచ్చుకే అంటుకుపోతాయి. శుక్రవారం కమిటీకి ఒక్క ముక్కలోనైనా కరెంటు పారించి చూపకపోతే నా పీహెచ్‌డీ గోవిందా.

సాయంత్రం 4:00
సరిగ్గా నలభైకి తెరిచాను. తీగలు బారులు తీరాయి! అక్కడక్కడా తెగాయి. అది పూత తప్పు, నాది కాదు.

మంగళవారం
48కి తెరిచాను. అదీ నలభైల్లోదేగా. తీగలు సగమే వచ్చాయి.

బుధవారం
60. గదిలో ఏసీ ఉంది కదా, లోపల ఇంకా తక్కువే ఉంటుందనుకున్నాను. లేదు. ఇరవై నిమిషాలు ఆగలేక, అచ్చు గీక్కుంటూ మూడు గంటలు కూర్చున్నాను.
ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఉడికేదాకా ఉన్నవాళ్ళు ఆరేదాకా ఉండలేరా? ఆ తీగలూ కంటికి కనబడవు, మీరూ కనబడరు," అంది.

గురువారం, 11:00
82. ఏమీ రాయను.

11:40
రాయక తప్పదు. అంటుకుపోయిన అచ్చును లాగితే రెండు ముక్కలైంది. ల్యాబులో ఉన్నది అదొక్కటే. ఏడుపొచ్చింది.

12:15
మా గైడు మేడంకి చూపించాను. తిట్టలేదు. సొరుగులోంచి ఓ డబ్బా తీశారు. అందులో ఐదు విరిగిన అచ్చులు.
"నేను చదువుకునేప్పటివి. ఇది యాభై ఐదుకి తీశాను. ఇది డెబ్బైకి, బస్సు వెళ్ళిపోతుందని."
"మరి చివరికి తీగలెలా వచ్చాయి మేడం?"
"విరిగిన ముక్కతోనే. గీతలు ముక్క మీదా ఉంటాయిగా. వెళ్ళు."

శుక్రవారం, ఉదయం 7:05
కొత్త నియమం. పాతదే. సగం అచ్చు ప్రెస్సులో ఉంది. కమిటీ పదింటికి. 90.

7:20
71. చెయ్యి పిడి మీదకు పోయింది. లాక్కొచ్చి డైరీ తెరిచాను.

7:31
58. మళ్ళీ పోయింది. మళ్ళీ డైరీ.

7:40
49. నలభైల్లోకి వచ్చేసింది కదా.
ఊహూఁ. తెరవాలనిపిస్తే తెరవడానికి ఈ డైరీ ఉంది. రాస్తున్నంతసేపూ చెయ్యి ఖాళీగా ఉండదు. అందుకే రాస్తున్నాను. ఇంకా రాస్తున్నాను. 47.