కారు కార్పెట్టూ, నాన్న ముక్కూ

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం మొన్న చేరింది. మేమిద్దరం కులాసా. నువ్వూ, నీ గదిలో ఉండే ఆ గురక పిల్లా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మోకాళ్ల సంగతి అడిగావు. పరవాలేదు. రోజంతా కార్ల లోపల మోకాళ్ల మీద పాకే పని కదా, నువ్వు పంపిన మెత్తటి పట్టీలు కట్టుకుంటున్నాను. షెడ్డులో అందరూ నన్ను గోల్‌కీపర్ అంటున్నారు. అననీ.

"అమ్మ రోజూ మీ షెడ్డుకి ఎందుకొస్తోంది?" అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. అది చెప్పాలంటే ముందు ఒక టాక్సీ గురించి చెప్పాలి.

పన్నెండేళ్ల పాత బండి. వెనక సీటు దగ్గర ఎవరో పాల క్యాను ఒలకబోశారు. కార్పెట్టు అసలు రంగేమిటో డ్రైవరుకే గుర్తులేదు. సీట్లు ఊడదీసి, నురుగు పెట్టి, బ్రష్షుతో రుద్ది, పొడిబట్టతో ఒత్తి ఒత్తి తుడిస్తే రెండో రోజుకి నీలం రంగు బయటపడింది. అతను మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. నాలుగో రోజు ఎండెక్కేసరికి మళ్లీ వచ్చాడు.

"అన్నా, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగిపోతున్నారు. నా బండిలో ఒక్క నిమిషం కూర్చో, నీకే తెలుస్తుంది!"

కూర్చున్నాను. నాకేమీ తెలియలేదు.

కార్పెట్టు కింద దళసరి మెత్త ఒకటి ఉంటుంది. పాలు అందులోకి దిగి విరిగిపోయాయి. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని, తలుపు తీయగానే ముక్కుతో పట్టేయాల్సింది. మా యజమానురాలు అదే అడిగితే, "కొత్త సబ్బు మంచిది కాదండీ" అని నెపం సబ్బు మీదకి నెట్టేశాను.

ఇక దాచను తల్లీ. వానాకాలంలో జ్వరం వచ్చిందని రాశాను కదా, అది పోతూ పోతూ నా ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. నాలుగు నెలలపాటు నాకు ఏ వాసనా తెలియలేదు. నీకు రాయలేదు, మీ అమ్మకీ చెప్పలేదు. వాసన తెలియనివాడి చేతికి కారు ఎవరిస్తారు? ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరు నేర్పుతారు? చాలా భయపడ్డాను.

మీ అమ్మ తనే కనిపెట్టింది. పొయ్యి మీద పాలు మాడి బొగ్గవుతుంటే నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను మరి. "రేపు మీరు చెబుతారా, నేనొచ్చి చెప్పనా?" అంది. ఆవిడ వచ్చి చెబితే ఎలా ఉంటుందో నీకు తెలుసు. నేనే చెప్పాను.

యజమానురాలు, "ఆ సబ్బు డబ్బాలన్నీ వెనక్కి పంపించేశాను కదండీ!" అని తల పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది: "మరక తీయడంలో మీ చేతికి వంక పెట్టలేను. వాసన చూడ్డానికి ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

అదీ సంగతి. మధ్యాహ్నం మీ అమ్మ వచ్చి, కారు తలుపులన్నీ వేసుకుని లోపల కూర్చుంటుంది. తలూపితే కారు వెళ్తుంది. "ఊహూఁ" అంటే మళ్లీ మొదలు. ఆవిడకి ఓ కుర్చీ, ఫ్యానూ కూడా ఏర్పాటు చేశారు. టాక్సీలో మెత్త మొత్తం పీకి కొత్తది వేశాక, అందులో కూర్చుని కునుకు తీసేసింది. డ్రైవరు ఇంకేమీ అడక్కుండా బండి తీసుకెళ్లాడు.

నిన్న ఒక కారు కార్పెట్టు ఎత్తుతుంటే ఎక్కడో లోపల ఏదో తగిలింది. "కుక్క! తడిసిన కుక్క!" అని అరిచాను. అందరూ కుక్క కోసం వెతికారు. మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నారూ?"

"కంపే! కంపు కొడుతోంది!"

అంత కమ్మటి కంపు నేను పుట్టాక ఎరగను. ఆవిడ ఊడదీసిన సీటు మీద కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అయితే రేపట్నుంచి నేను రానక్కర్లేదన్నమాట" అంది. మొహం చిన్నబోయింది.

"అప్పుడేనా! కుక్క తప్ప ఇంకేమీ తెలియట్లేదు. నువ్వు రావాల్సిందే" అన్నాను.

నిజానికి సబ్బు వాసన కూడా తెలిసింది. నీ జవాబు అమ్మ కూడా చదువుతుంది, ఆ మాట మాత్రం ఎత్తకు.

ఇట్లు,
మీ నాన్న