మెల్లగా గట్టిపడే జిగురు

ఎల్‌బీ నగర్

ప్రియమైన ఉదయా,

ఫోన్ల నీ మాట నా చెవులకు ఇనరాదు గనుక, జిగురు డబ్బా తెచ్చిన ఆటో ఆయనతోనే ఈ కాయితం పంపుతున్న. దిల్‌సుఖ్‌నగర్‌ల ఫ్యాను కింద కూసొని జిగురు అమ్ముకుంట మంచిగున్నవా? మంచిగుండు.

మీ షాపు పంపిన గ్లూ స్టిక్కులు, గన్నుల పెట్టి కరిగించేటియి, దిక్కుమాలినయ్. కోచింగ్ సెంటర్ పట్టాభి సారు ర్యాంకులొచ్చిన పిల్లలకు నాతోని షీల్డులు చేయించుకున్నడు గదా, స్టేజీ మీద అందరు చప్పట్లు కొడ్తుంటే ఒక పిల్ల చేతిల చెక్క మిగిలింది, పేరున్న ప్లాస్టిక్ పలక కింద పడ్డది. నా ఇజ్జత్ పోయింది. "ఈసారి ఒక్కటి ఊడినా ఆర్డరు వేరేటోళ్లకిస్తా" అన్నడు. ఆయన ఆర్డరు పోతే నేను షెడ్డుకు తాళమెయ్యాలె. జర మంచి స్టిక్కులు పంపు.

షెడ్డుల నీ స్టూలు ఖాళీగ లేదు, నీ జాగల పనికొచ్చిన ముత్తమ్మ కూసుంటున్నది. పరేషాన్ గాకు.

ఇట్లు,
నీ అండాలక్క

దిల్‌సుఖ్‌నగర్

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఇక్కడ ఎప్పుడూ "రేటెంత" అని అడిగేవాళ్లే గానీ "తిన్నావా" అని అడిగేవాళ్లు లేరు.

స్టిక్కుల్ని తిట్టకు. మనిద్దరం ఏళ్ల తరబడి వాడింది వాటినే, త్వరగా గట్టిపడే రకం. నువ్వు గన్నుతో జిగురు గీయగానే నేను పలక పెట్టేసేదాన్ని, గుర్తుందా? కాస్త ఆలస్యమైనా పైన పొర కట్టేస్తుంది. అతుక్కున్నట్టే ఉంటుంది గానీ పట్టదు. గన్ను బాగా వేడెక్కనిస్తున్నావా? ఫ్యాను గాలి జిగురు మీద పడుతోందా? పలక వెనక ఉప్పు కాగితంతో గరుకు చేస్తున్నారా? ఊడిన షీల్డు ఒకసారి చూడు. చెక్క మీద జిగురు నున్నగా మెరుస్తుంటే పలక ఆలస్యంగా పెట్టారన్నమాట. ముత్తమ్మ చెయ్యి నెమ్మదేమో. ఏమనుకోకు, అడిగానంతే.

నిన్ను తలుచుకుంటూ,
ఉదయలక్ష్మి

ఎల్‌బీ నగర్

ప్రియమైన ఉదయా,

నున్నగనే ఉన్నది, అద్దం లెక్క. ఫ్యాను బంద్ పెట్టి రేకుల కింద ఉడికిపోతున్న. గన్ను మంచిగనే కాగుతున్నది, ఉప్పు కాయితం రుద్దుతనే ఉన్న. ముత్తమ్మనేమనకు, ఆమె చెయ్యి మస్తు జోరు. ముచ్చట్లు గూడ చెప్తది, నీ లెక్కనే.

మెల్లగ గట్టిపడే స్టిక్కులుంటయంట గదా, గవ్వి పంపు. ఎందుకేంది అని అడుగకు.

ఉంట మరి,
అండాలక్క

దిల్‌సుఖ్‌నగర్

ప్రియమైన అక్కా,

అవే పంపుతున్నాను. పలక పెట్టాక చాలాసేపు నొక్కి పట్టుకోవాలి, వదిలేస్తే జారుతుంది.

అడగొద్దన్నావు గానీ అడుగుతాను. ఈ రకం కావాలని ఎవరొచ్చినా మా షాపు ఓనరు త్రినాథరావు గారు ముందు అడిగే మాట, "పని ఒక్కరే చేస్తారా?" అని. ఇద్దరుంటే వీటితో పనే లేదు. గన్ను పక్కన పెట్టి, సాగిన జిగురు తీగలు తుడిచి, పలక అందుకునేసరికి ఆలస్యమయ్యేది ఒంటరిగా చేసేవాళ్లకే. ముత్తమ్మ చెయ్యి అంత జోరైతే నీకు ఇవెందుకక్కా? నా స్టూలు మీద నిజంగా ఎవరున్నారు?

వేడి జిగురు పడి నా చెయ్యి కాలినప్పుడు "ఇంక నీకీ పనొద్దు" అని నువ్వే ఈ షాపులో పెట్టించావు. చెయ్యి ఎప్పుడో మానింది. చెబుదామనుకునేలోపు ముత్తమ్మ వచ్చిందన్నావు, నోరు మూసుకున్నాను. రోజూ మధ్యాహ్నం నుంచి కౌంటరు త్రినాథరావు గారి కోడలు చూసుకుంటోంది. నేను గదికొచ్చి తలుపేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. మెట్రో ఎక్కితే నువ్వు ఎంత దూరమని! పిలవకుండా రావడానికి మొహం చెల్లడం లేదు.

నీ జవాబు కోసం చూస్తూ,
ఉదయ

ఎల్‌బీ నగర్

ప్రియమైన ఉదయా,

నువ్వు జిగురమ్ముతున్నవా, పోలీసు కొలువు చేస్తున్నవా?

అవును, ముత్తమ్మ లేదు. నాలుగొద్దులు వచ్చి మీర్‌పేట్‌ల వేరే పని చూసుకున్నది. ఖాళీగ కనపడొద్దని నీ స్టూలు మీద ఉప్పు కాయితాలు పెట్టుకున్న. నీకు చెప్తే కొలువు ఇడిసిపెట్టి ఉరికొస్తవ్, మళ్ల చెయ్యి కాల్చుకుంటవ్ అని చెప్పలే.

నువ్వు పంపినయ్ మంచిగ పట్టినయ్. గుంజి గుంజి చూసిన, ఒక్క పలక ఊడలే. పట్టాభి సారు గూడ చూసిండు, ఆర్డరు మనకే. కానీ ఒక్కొక్క పలక ఒత్తి పట్టుకొని కూసోవాలె గదా, గప్పుడే పానం ఊకుంటలేదు చెల్లె. నువ్వున్నప్పుడు నీ ముచ్చట చెవులకు ఇనరాకున్నా, నీ మూతి చూసి నవ్వుతుంటి. గిప్పుడు నేను గూడ గోడనే చూస్తున్న.

మిగిలిన డబ్బా ఆటోల వాపస్ పంపుతున్న. నాకు పాతయే కావాలె, జల్ది గట్టిపడేటివి. గవ్వి ఆటోల పంపకు, మధ్యాహ్నం నువ్వే పట్టుకురా. చేతులకు తొడుక్కునే గ్లౌజులు గూడ తెచ్చుకో.

స్టూలు మీది కాయితాలు తీసేసిన.

నీ,
అండాలక్క