ఇరుక్కోని పాట

శుక్రవారం రాత్రి, 1982 జూలై

చనిపోయే ముందు నాన్న నాకిచ్చిన రికార్డును క్యాసెట్‌లోకి ఎక్కించమని మా ఆయన అఫ్జల్‌గంజ్ దుకాణంలో ఇచ్చారు. సాయంత్రం రికార్డును తిరిగి తెచ్చి ప్లేయర్ మీద పెట్టారు. రెండో చరణంలో ముల్లు ఇరుక్కుని ఒకే మాట తిరగాలి. నా చిన్నప్పటి నుంచీ అంతే. ఇవాళ పాట ఆగకుండా సాగిపోయింది.

"ఇది మన రికార్డు గాదు," అన్నాను.

"మనదే. దుకాణం భాయ్ సబ్బుతోని కడిగిండు. ఎంఏ ఎందుకు చదివినవ్? సీఐడీల చేరాల్సింది!"

"సబ్బుతోని గీత పోతదా?"

"అసలు ఎన్నడు ఇరుక్కున్నదే గిది?"

నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను. రెండో చరణం రాగానే, ఎప్పటిలాగే ముల్లు జరపడానికి ఆయన కుర్చీలోంచి లేచారు. పాట ఆగలేదు. చాచిన చేయి అలాగే ఉండిపోయింది.

"ఫ్యాను వేద్దామని లేచిన," అన్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

దుకాణంలో మార్చేసి ఉంటే ఈయన ఊరుకునేవారు కాదు. ఉల్లిగడ్డల తూకం తగ్గితేనే బజారంతా లొల్లి చేసే మనిషి. మరి విరగ్గొట్టారా? ఎవరికైనా ఇచ్చేశారా? ఇలాంటిదే ఇంకొకటి వెతికి తేవడానికి ఎంత తిరిగారో. విరిగిందని చెబితే నేనేమంటానని భయపడ్డారు? లేక నాన్న రికార్డును నేను గుర్తుపట్టలేననుకున్నారా...